మీ అమ్మకి చెప్పు, మీ నాన్నకి చెప్పు

ఈ ఉద్యోగంలో చేరిన మొదటి రోజే మీ చేతికి ఒక రిజిస్టరు ఇస్తారు. అందులో "ఇల్లు విడిచి పారిపోవడానికి కారణం" అని ఒక గడి ఉంటుంది. దాని కింద నాలుగు కారణాలు అచ్చువేసి ఉంటాయి. సినిమా మోజు, చదువంటే భయం, చెడు స్నేహాలు, ఇతరములు. ఏదో ఒకదానికి టిక్కు పెట్టాలి. ఇరవై ఆరేళ్ళు ఆ టిక్కులు పెట్టాను నేను. ఆ నాలుగింటిలో అమ్మ లేదు, నాన్న లేదు. ఆ ఫారం తయారు చేసిన మహానుభావుడెవరో నాకు తెలియదు గానీ, ఆయన తప్పకుండా ఎవరికో తండ్రి అయి ఉంటాడు.

నా పేరు మార్త. ఖరగ్‌పూర్ స్టేషన్లో ప్లాట్‌ఫారం మీద పిల్లల సహాయ కేంద్రం అని ఒక చిన్న గది ఉండేది. ఒక స్వచ్ఛంద సంస్థవాళ్ళు నడిపేవారు. ఇల్లు వదిలి స్టేషను చేరిన పిల్లల్ని కనిపెట్టడం, కూర్చోబెట్టి మాట్లాడడం, పిల్లల సంక్షేమ కమిటీ ముందు హాజరుపరచడం, ఇంటికి అప్పగించడం మా పని. అక్కడే నా జుట్టు నెరిసింది. మా తాత కాకినాడ దగ్గర్నుంచి వచ్చి రైల్వేలో చేరాడు, నాన్న వర్క్‌షాపులో ఫిట్టరు. ప్లాట్‌ఫారం మీద బెంగాలీ పిల్లలకి, బీహారీ పిల్లలకి, మన తెలుగు పిల్లలకి అందరికీ నేను దీదీనే. ఇప్పుడు ఇదే ఊళ్ళో తాల్‌బగీచాలో ఉంటున్నాను. కొత్తగా ఈ పనిలో చేరిన ఇద్దరమ్మాయిలు వెతుక్కుంటూ వచ్చి మీ అనుభవం చెప్పండి దీదీ అన్నారు. సన్మానాల గురించి రాయను. శాలువాలు రెండు కప్పారు, రెండూ గుచ్చుకుంటాయి.

పారిపోయినవాళ్ళు

పిల్లలు పారిపోతారని లోకం అంటుంది. నేను చూసినంతలో నిజంగా పారిపోయినవాళ్ళు బహు తక్కువ. హీరో అవుదామని బొంబాయి రైలెక్కినవాడు ఎక్కడో ఒకడు ఉంటాడు, వాడికి ఆకలేస్తే మూడో రోజుకి వాడే ఇంటి అడ్రసు చెప్పేస్తాడు. అడ్రసు చెప్పనివాడు వేరు. వాడికి ఇల్లుంటుంది, ఆ ఇంట్లో వాడికి చోటుండదు.

ఒక పెద్దమనిషి కొడుకు పరీక్ష తప్పాడని సాయంత్రం తలుపు గడియ పెట్టేశాడు. కొడుకు మెట్ల మీద కాసేపు కూర్చుని లేచి వెళ్ళిపోయాడు. మర్నాడు ఆ తండ్రి పోలీసుల దగ్గరికి వెళ్ళి మా వాడు పారిపోయాడని కంప్లైంటు ఇచ్చాడు. నాలుగు రోజుల తరవాత మా గదిలో కొడుకుని చూసి ఆయన అడిగిన మొదటి ప్రశ్న, "చదువు చెడగొట్టుకోడానికి నీకేం తక్కువ చేశాన్రా?" తలుపు గడియ సంగతి నేను ఎత్తితే, "అది క్రమశిక్షణ అండీ" అన్నాడు. ఆయన చర్చిలో నా ముందు వరసలో కూర్చునేవాడు. క్షమాపణ గురించి పాట వస్తే అందరికన్నా గట్టిగా పాడేవాడు.

అలాంటివాళ్ళని కోప్పడడం మన పని కాదని మీకు శిక్షణలో చెప్తారు. నిజమే. కానీ వాళ్ళని గౌరవించాలని ఎక్కడా రాసిలేదు.

పెద్దసారు ఫోటోలు

మా కేంద్రానికి ఒక బెంగాలీ పెద్దసారు ఉండేవాడు. చెడ్డవాడు కాడు. చెడ్డవాడైతే ఎదిరించేదాన్ని, పని సులువయ్యేది. ఆయనకి ఒకటే యావ, ఫోటో. పిల్లవాణ్ణి అప్పగించేటప్పుడు తల్లిదండ్రుల మధ్య నిలబెట్టి ఫోటో తీయాలి. తండ్రి చెయ్యి భుజం మీద ఉండాలి. పిల్లవాడు నవ్వాలి. నేను అప్పగింతకి వెళ్ళి తిరిగొస్తే మంచినీళ్ళు తాగావా అని అడగడు. "దీదీ, ఛొబి హొయె గేఛే?" అంటాడు, ఫోటో అయిపోయిందా అని.

ఆ ఫోటోలు మా గది గోడనిండా ఉండేవి. పైనుంచి వచ్చే ఆఫీసర్లు వాటిని చూసి మురిసిపోయేవారు. ఒక్కరూ, ఒక్కసారీ, ఈ పిల్లలు ఇప్పుడెక్కడున్నారు అని అడగలేదు. నేనూ అడగలేదు. "నవ్వు బాబూ" అనడంలో నాకు మంచి పేరుండేది. ఎంత మొండి పిల్లవాడినైనా నవ్వించగలదు మార్తా దీదీ అనేవారు. ఆ పొగడ్తకి నేను పొంగిపోయిన రోజులున్నాయి, సిగ్గు లేకుండా చెప్తున్నాను.

పైడిరాజు

పైడిరాజుని నేను మొదటిసారి చూసినప్పుడు వాడికి పదిహేనేళ్ళు. ప్లాట్‌ఫారం మీద ఒక బెంచీ మీదే మూడు రోజులుగా ఉన్నాడు. స్కూలు సంచిలో పుస్తకాలు లేవు, ఒక ప్యాంటు, ఒక సబ్బు ఉన్నాయి. పూరీలమ్మే దాదా దగ్గర గిన్నెలు కడిగి పూట గడుపుతున్నాడు. మత్తు లేదు, బీడీ లేదు, సినిమా గోల లేదు. వీడికి ఏ గడిలో టిక్కు పెట్టాలో తెలియలేదు నాకు.

"ఏటి రా ఇక్కడ? ఇల్లెక్కడ?" అని అడిగాను. మనవాడని మొహం చూస్తేనే తెలిసింది.

"రైల్వే కోటర్స్ దీదీ. ఇక్కడికి దగ్గిరే."

"దగ్గిరైతే ఇంటికి పో మరి. ఇక్కడేటుంది నీకు?"

"ఇక్కడ బాగుంది."

"ఏటి బాగుంది? ఈ గోలా?"

వాడు పైకి చూపించాడు. అప్పుడే మైకులో ఒక ఆడగొంతు ఏదో రైలు ఆలస్యమని చెప్తోంది. "ఆవిడుంది కదా దీదీ. ఎవులికి సెప్పాల్సింది ఆలకే సెప్పేస్తాది. నన్ను సెప్పమనదు."

నేను నవ్వాను. తెలివైన కుర్రాడు, మాటకారి అనుకున్నాను. వాడు నాకు తన కేసు మొత్తం ఒక్క మాటలో చెప్పేశాడని తెలుసుకోడానికి నాకు నెల పైనే పట్టింది. ఈ పనిలో పిల్లలు అబద్ధం చెప్తారని మీకు నేర్పిస్తారు. పిల్లలు నిజం చెప్పినప్పుడు మనం నవ్వుతామన్న సంగతి ఎవరూ నేర్పరు.

తల్లిదండ్రుల్ని పిలిపించాను. తండ్రి అప్పలనాయుడు, వర్క్‌షాపులో ఫిట్టరు. తల్లి పార్వతి. ఇద్దరూ వచ్చారు, వేరువేరుగా. ఇస్త్రీ బట్టలు, నూనె రాసి దువ్విన తలలు. ఎంత మర్యాదగల కుటుంబం అనుకున్నాను. నాయుడు కొడుకు భుజం మీద చెయ్యి వేశాడు, పార్వతి కొంగుతో కళ్ళొత్తుకుంది, నేను "నవ్వు బాబూ" అన్నాను, వాడు నవ్వాడు. రిజిస్టరులో "చదువంటే భయం" దగ్గర టిక్కు పెట్టాను. వాడు క్లాసులో లెక్కల్లో మొదటివాడని తరవాత తెలిసింది.

నా బద్ధకం

ఇప్పుడు నా తప్పు చెప్తాను. దీన్ని దాచి మిగతాది రాస్తే ఈ కాగితాలు చించెయ్యడం మేలు.

అప్పగించిన నెల తరవాత తల్లిదండ్రులిద్దరూ పిల్లవాడితో కలిసి ఆఫీసుకి రావాలని మా దగ్గర ఒక పద్ధతి ఉండేది. ఆ కబురు మేమే ఇంటికి వెళ్ళి చెప్పాలి. క్వార్టరు స్టేషనుకి మైలు దూరం కూడా ఉండదు. మే నెల, మిట్టమధ్యాహ్నం. గోల్‌బజార్‌లో చేపలు కొనుక్కుని వస్తుంటే పైడిరాజు ఎదురయ్యాడు. ఎంత అదృష్టం అనుకున్నాను, నడక తప్పింది.

"ఒరే పైడీ, శుక్రవారం మీయమ్మా నాన్నా ఇద్దరూ కలిసి ఆఫీసుకి రావాలి. కలిసే రావాలి. ఇద్దరికీ సెప్పు, మరిసిపోకు" అన్నాను.

వాడి మొహం ఎలా మారిందో నాకిప్పుడు గుర్తుంది. అప్పుడు చూడలేదు. చేపలు చెడిపోతాయన్న తొందరలో ఉన్నాను. వాడు "మీరొచ్చి సెప్తే బాగుంతాది దీదీ" అన్నాడు, చాలా మెల్లగా. "నువ్వు సెప్పలేవేటి? నోరు నేదా?" అని వచ్చేశాను.

శుక్రవారం ఎవరూ రాలేదు. శనివారం పొద్దున్న పైడిరాజు మళ్ళీ అదే బెంచీ మీద ఉన్నాడు. ఎడమ చెవి వాచి ఉంది. ఏమైందంటే పడ్డానన్నాడు. నేను రిజిస్టరు తీసి "రెండోసారి పారిపోయాడు, చెడు స్నేహాలు" అని రాశాను. ఆ రాతలో ఇంకు ఇప్పటికీ చెక్కుచెదరకుండా ఉంటుంది. మా రిజిస్టర్లకి మంచి కాగితం వాడేవారు.

రెండు గదుల క్వార్టరు

ఈసారి సిగ్గేసి క్వార్టరుకి నేనే వెళ్ళాను. పైడిరాజుని వెంటబెట్టుకుని వెళ్ళాను. నాయుడు వరండాలో కుర్చీ వేశాడు. లోపల గుమ్మంలో పార్వతి బియ్యం ఏరుతోంది. ఇద్దరికీ మధ్య మూడడుగుల దూరం.

"ఒరే పైడీ, మేడమ్ గారొచ్చినారు. టీ ఎట్టమని మీయమ్మకి సెప్పు" అన్నాడు నాయుడు.

పైడిరాజు రెండడుగులు గుమ్మంవైపు వేసి, "అమ్మా, టీ పెట్టమంతన్నాడు" అన్నాడు.

పార్వతి తలెత్తలేదు. "పాలు ఇరిగిపోనాయని మీ నాన్నకి సెప్పు. పొద్దున్నే సెప్పినాను, సెవులున్నాయా నేవా అని కూడా అడుగు."

వాడు వెనక్కి తిరిగి, "పాలు ఇరిగిపోనాయి నాన్నా" అన్నాడు. రెండో సగం మింగేశాడు.

"పూర్తిగా సెప్పురా!" అంది తల్లి.

"అదేటందో నాకు వినిపించింది. దాని మాట నువ్వు దాస్తావా, దాని పార్టీయా నువ్వు?" అని తండ్రి చెయ్యెత్తాడు. నేనున్నానని గుర్తొచ్చి దించేశాడు.

ఇది నేను వెళ్ళినందుకు జరిగిన నాటకం కాదు. నాలుగేళ్ళుగా ఆ ఇంట్లో భార్యాభర్తలిద్దరూ ఒకరితో ఒకరు ఒక్క మాట మాట్లాడలేదు. ఉప్పు చాల్లేదని, సబ్బు అయిపోయిందని, చచ్చిపొమ్మని, అన్నీ కొడుకు నోటితోనే. అన్నది అన్నట్టు చెప్తే విన్నవాళ్ళు కొడతారు. మెత్తగా మార్చి చెప్తే అన్నవాళ్ళు కొడతారు. పదకొండేళ్ళప్పుడు మొదలైన డ్యూటీ అది, సెలవు లేదు.

అంత పగ దేనికని అడుగుతారు మీరు. చెప్పడానికి నాకే సిగ్గుగా ఉంది. పార్వతి తమ్ముడి పెళ్ళి పలాసలో. నాయుడు సమయానికి ఆఫీసులో ఉచిత రైలు పాసు రాయించలేదు. పెళ్ళి తప్పిపోయింది. నువ్వు తేదీ ఆలస్యంగా చెప్పావని ఆయన, నెల ముందే చెప్పానని ఆవిడ. అంతే. టిక్కెట్టు కొనుక్కుని వెళ్ళొచ్చు కదమ్మా అని నేను అంటే పార్వతి నన్ను ఎగాదిగా చూసింది. "రైలోడి పెళ్ళాన్ని, టిక్కెట్టు కొనుక్కుని పుట్టింటికెళ్ళాలేటి? నలుగురూ ఏటనుకుంతారు?" నలుగురూ ఏమనుకుంటారో అన్న బెంగ ఉన్న ఆ ఇంట్లో, కొడుకు ప్లాట్‌ఫారం కుళాయి దగ్గర స్నానం చేస్తుంటే మాత్రం నలుగురికీ కళ్ళు లేవనుకున్నారు కాబోలు.

నా కబురు సంగతి కూడా ఆ రోజే బయటపడింది. కలిసి రావాలట అని వాడు చెప్పగానే తండ్రి, "ఆ మనిసి పక్కన నేను నడవాలా, నీయమ్మ నేర్పిందేటి?" అని చెవి మీద కొట్టాడు. తల్లి కంచం లాగేసి, "మీ నాన్నే సెప్పించినాడు కదా, నన్ను ఆఫీసులో నిలబెట్టి పరువు తీద్దారని" అంది. కబురు పంపింది దీదీ అని వాడు చెప్పాడట. ఇద్దరూ నమ్మలేదు.

మేనత్త

సుభాష్‌పల్లిలో నాయుడి అక్క సన్యాసమ్మ ఉండేది. భర్త పోయాడు, పిల్లల్లేరు, జాకెట్లు కుడుతూ ఒక గదిలో బతికేది. వాణ్ణి ఉంచుకుంటావా అని నేను వెళ్ళి అడిగితే మిషను ఆపి మంచం చూపించింది.

"దీని మీద పడుకుంతాడు. ఇస్కూలు దగ్గిరే. నాకు వొండిన గంజే ఆడికీను. ఆడు నాతో ఊసులాడితే సాలు, ఎవులికీ ఏటీ సెప్పక్కర్నేదు. ఒగ్గీండి నా దగ్గిర."

ఇంత సులువుగా తెగే ముడి నా ఉద్యోగంలో ఎన్నడూ చూడలేదు. పరిగెత్తుకుని వెళ్ళి తల్లిదండ్రులకి చెప్పాను.

పార్వతి చేతిలో చేట కింద పెట్టింది. "ఆడపడుసు దగ్గిరెడితే ఆ మనిసి గెలిసినట్టు కాదేటి?"

నాయుడు చాలాసేపు ఆలోచించాడు. నిజాయితీగా ఆలోచించాడని చెప్పాలి. చివరికి అన్నాడు, "మా అక్క మంచిదేనండి. కానీ ఆడెల్లిపోతే ఇంట్లో మాట ఎవుడు సెప్తాడండి?"

ఈ మాట నేను కల్పించలేదు. ఒక తండ్రి, చదువుకున్నవాడు, ఇంజన్ల గేజీలు చదవగలిగేవాడు, నా మొహం చూస్తూ ఈ మాట అన్నాడు. ఆ ఇంట్లో కొడుకు లేడు. ఒక గొట్టం ఉంది, ఇద్దరూ చెరోవైపునుంచి దాంట్లోకి అరుస్తున్నారు.

పెద్దసారు దగ్గరికి వెళ్ళాను. పిల్లవాణ్ణి మేనత్త దగ్గర ఉంచమని కమిటీకి రాద్దామన్నాను. ఆయన ఫారం తిప్పి చూపించాడు. "దీదీ, ఇక్కడ మా ఉంది, బాబా ఉన్నాడు. పిషీ ఎక్కడుంది?" బెంగాలీలో మా అంటే అమ్మ, బాబా అంటే నాన్న, పిషీ అంటే మేనత్త. గడి లేని అత్త ఆయన లెక్కలో అత్త కాదు. వెనకాల ఖాళీ కాగితం మీద నా పేరు పెట్టి రాయొచ్చు. కమిటీవాళ్ళు వింటారా లేదా తరవాతి మాట, రాసే హక్కు నాకుంది. రాయలేదు. సారుకి కోపం వస్తుందని, తల్లీ తండ్రీ బతికుండగా కొడుకుని లాక్కుందని నలుగురూ అంటారని. పార్వతిని చూసి నవ్వినదాన్ని, నాకూ ఆ నలుగురే అడ్డమొచ్చారు.

ముందు ఎవరి కాళ్ళకి

దానికి బదులు రాజీ చేయించాను. మన తెలుగువాళ్ళలో ఈ జబ్బు ఒకటుంది, ఏ గొడవకైనా నలుగురు పెద్దమనుషుల్ని కూర్చోబెట్టి మిఠాయి తెప్పిస్తే తీరిపోతుందని. గోల్‌బజార్ పక్కన ఒక హాల్లో కూర్చోబెట్టాం. పెద్దమనుషులు ఐదుగురు. ఒక్కొక్కరూ తల్లిదండ్రులు దేవుళ్ళురా అంటూ అరగంట చెప్పారు. పైడిరాజుకే చెప్పారు. నాయుడికీ పార్వతికీ ఎవరూ ఒక్క ముక్క చెప్పలేదు. వాళ్ళు పెద్దవాళ్ళు కదా.

చివర్లో ఒకాయన, "కాళ్ళకి దండం పెట్టి తప్పయిందని చెప్పు బాబూ" అన్నాడు.

వాడు లేచి నిలబడ్డాడు. తల్లి ఇటు కూర్చుంది, తండ్రి అటు. వాడు అక్కడే ఆగిపోయాడు. ముందు ఎవరి కాళ్ళకి? హాల్లో ఎవరికీ అర్థం కాలేదు ఎందుకు ఆగాడో. నాకు అర్థమైంది. అర్థమై కూడా నోరు మూసుకుని కూర్చున్నాను. వాడు ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, చివరికి దగ్గరగా ఉన్న తల్లి కాళ్ళకి దండం పెట్టాడు. లేచి తండ్రివైపు తిరిగేసరికి నాయుడు కాళ్ళు కుర్చీ కిందికి లాగేసుకున్నాడు. "ఆవిడయినాక మిగిలింది నాకా? అక్కర్నేదు."

పెద్దమనుషులు నవ్వేసి, పౌరుషం అన్నారు. మిఠాయి పంచారు.

అప్పగింత కాగితం మీద ఇద్దరి సంతకాలూ కావాలి. పార్వతి పెట్టింది. అదే కాగితం మీద ఆవిడ పేరు కింద తన పేరు పెట్టనన్నాడు నాయుడు. నేను ఇంకో కాగితం తీసి ఇచ్చాను. సంతకం పెట్టాడు. రెండు కాగితాలూ కలిపి పిన్ను కొట్టి, తల్లిదండ్రులిద్దరి సమ్మతి దొరికిందని పైన రాశాను. ఒకే కాగితం మీద ఇమడలేని ఇద్దరి మధ్యకి ఒక పిల్లవాణ్ణి తోశానని నాకు తెలుసు. పిన్ను గుచ్చేటప్పుడు తెలుసు. ఫోటో కూడా తీశాం. నవ్వు బాబూ అన్నాను. ఆ రోజు వాడు నవ్వలేదు. "పర్నేదు దీదీ, తీసీండి" అన్నాడు, నాకు ఇబ్బంది అవుతుందని.

పన్నెండు రోజుల తరవాత వాడు ఇంట్లో లేడు. ఈసారి మా బెంచీ మీద కూడా లేడు. మా ప్లాట్‌ఫారమే వాడికి ఇంటికన్నా నమ్మకమైన చోటుగా ఉండేది. రెండుసార్లు అక్కడ నా కంట పడ్డాడు, రెండుసార్లూ నేను వాణ్ణి తిరిగి ఆ ఇంటికే పంపాను. ఇక ఆ బెంచీ మీద ఎందుకు కూర్చుంటాడు? ఎటో వెళ్ళే ఏదో రైలెక్కేశాడు. తల్లి ఉంది, తండ్రి ఉన్నాడు, మంచం చూపించి కూర్చున్న మేనత్త ఉంది, ప్రభుత్వం ఇచ్చిన రెండు గదుల క్వార్టరుంది. ఇన్ని ఉన్నవాడికి తల దాచుకునే చోటు లేకుండా చేయడానికి ఎంతమంది పెద్దవాళ్ళం కష్టపడ్డామో చూడండి.

రిజిస్టరులో మూడోసారి ఏ టిక్కూ పెట్టలేదు. గడి ఖాళీగా ఉందని పెద్దసారు మందలించాడు. అప్పుడు "ఇతరములు" దగ్గర పెట్టి, పక్కన "మేము" అని రాశాను. ఆయనకి తెలుగు చదవడం రాదు.

కొత్తవాళ్ళకి

మీరు ఏ ఇంటికి వెళ్ళినా ముందు ఒక గంట ఊరికే కూర్చోండి. అక్కడ ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో, ఎవరి నోటితో మాట్లాడుతున్నారో వినండి. కబురు ఏదైనా మీ కాళ్ళతో మీరు మోసుకెళ్ళండి, ఎండైనా వానైనా. ఫారంలో గడి లేకపోతే వెనకాల రాయండి, వెనకాలంతా ఖాళీయే. మంచం చూపించిన అత్త దొరికితే మీ ఉద్యోగం పోయినా సరే ఆ అత్తని వదలకండి. అప్పగించేటప్పుడు పిల్లల్ని నవ్వమనకండి. ఇంతకన్నా నాకు తెలిసింది లేదు. ఇది తెలియడానికి ఇరవై ఆరేళ్ళు ఎందుకు పట్టిందో అని మీరు అనుకుంటే, నేనూ అదే అనుకుంటున్నాను.

గేటు దగ్గర

పోయినేడాది ఒక మధ్యాహ్నం ఫోను మోగింది.

"దీదీ, నేను పైడిని."

మొదటి రోజు నేనిచ్చిన కార్డు వాడు దాచుకున్నాడట, నా నంబరున్న కార్డు. ఇరవై రెండేళ్ళు వాడికప్పటికి. రూర్కెలాలో వెల్డింగు షాపులో పని. ఇన్నేళ్ళూ ఎక్కడ పడుకున్నావురా అంటే తేలిగ్గా చెప్పాడు. "టేసన్లు దీదీ, గుడి అరుగులు, లారీలు. రెండు చలికాలాలు ఒక గోడౌన్లో. ఇప్పుడు రూముంది. ముగ్గురం. తాళం సెవి నా దగ్గిర కూడా ఒకటుంది."

నేను ఏడ్చాను. దాచడం ఎందుకు, గట్టిగానే ఏడ్చాను. తప్పయిందిరా అన్నాను. "మీరొక్కలే కదా దీదీ ఆ మాటన్నది" అన్నాడు. కాసేపు అత్త గురించి అడిగాడు. నంబరు అత్తకి ఇచ్చెయ్యమన్నాడు. ఇచ్చాను. సన్యాసమ్మ ఆ వారమే రూర్కెలా రైలెక్కింది. టిక్కెట్టు కొనుక్కుని.

"మరి మీ అమ్మా నాన్నకో?" అన్నాను.

షాపులో ఎవరో ఇనుము కొడుతున్న చప్పుడు వినిపిస్తోంది. తరవాత అన్నాడు, "ఆలిద్దరూ ఒకలితో ఒకలు మాట్లాడుకుంటే అప్పుడియ్యండి దీదీ. ఒక్క మాటైనా సాలు. తిట్టుకున్నా పర్నేదు."

నాయుడు రిటైరై క్వార్టరు ఖాళీ చేశాడు. ఇప్పుడు మా తాల్‌బగీచాలోనే, రెండు వీధుల అవతల అద్దెకుంటున్నారు, ఇద్దరూ, ఒకే ఇంట్లో. సన్యాసమ్మ రూర్కెలా వెళ్ళొచ్చిందని ఎలాగో తెలిసింది వాళ్ళకి. ఎవరికి వాళ్ళు వెళ్ళి నంబరు అడిగితే ఆవిడ నన్నే అడగమందట. ఒక ఆదివారం చర్చినుంచి వచ్చేసరికి నా గేటు దగ్గర నాయుడు నిలబడి ఉన్నాడు. బాగా ముసలివాడైపోయాడు. నేను తాళం తీస్తుండగానే వీధి మలుపులోంచి పార్వతి వచ్చింది. ఆయన వస్తున్నాడని ఆవిడకి తెలియదు, ఆవిడ వస్తుందని ఆయనకి తెలియదు. ఎలా తెలుస్తుంది?

"మేడమ్, మా వోడి నంబరు మీకాడుందంట" అన్నాడు నాయుడు. "ఒక్కసారి ఆడి గొంతు వింతాను."

"నాకూ కావాలి దీదీ" అంది పార్వతి, గేటుకి ఆ పక్కన నిలబడి. ఆవిడ కళ్ళనిండా నీళ్ళు. ఈసారి కొంగు వాడలేదు, నిజమైన నీళ్ళే.

నాకు జాలి వేసింది. అది కూడా రాయాలి, లేకపోతే ఇది అబద్ధం అవుతుంది. ఒక్క క్షణం నంబరు ఇచ్చేద్దామనిపించింది. కానీ వాడు జీవితంలో మొదటిసారి తన మాట ఒకటి నాకిచ్చి మొయ్యమన్నాడు.

"ఇస్తాను" అన్నాను. "ఇద్దరికీ ఇస్తాను, ఇప్పుడే ఇస్తాను. మీ వాడు ఒక్కటే అడిగినాడు. మీరిద్దరూ ఒకలితో ఒకలు ఒక్క మాట అనండి. ఏ మాటైనా సరే. తిట్టుకున్నా సరే అన్నాడు."

ఇద్దరికీ మధ్య గేటు వెడల్పు దూరం. ఎండ మీద పడుతోంది. నాయుడు గొంతు సవరించుకున్నాడు. పార్వతి మొహం సగం అటు తిప్పింది. ఇప్పుడంటుంది అనుకున్నాను. డైరీ నా చేతిలోనే ఉంది, పేజీలో వేలు పెట్టి ఉంచాను.

పార్వతి నావైపు తిరిగింది.

"ముందు ఆ మనిసిని మాట్లాడమని సెప్పండి దీదీ" అంది.

"ఆవిడే మొదలెట్టినాది, ఆవిడ్నే ముందు మాట్లాడమని సెప్పండి" అన్నాడు నాయుడు, నాతో.

నేను ఎవరికీ ఏమీ చెప్పలేదు. డైరీ మూసి గేటు దగ్గరే నిలబడ్డాను, వాళ్ళు వెళ్ళేదాకా. ఆయన ఎడమవైపు వెళ్ళాడు, ఆవిడ కుడివైపు వెళ్ళింది. ఇద్దరూ వెళ్ళేది ఒకే ఇంటికి.

నంబరు ఇంకా నా దగ్గరే ఉంది. ఇప్పుడు దాని కోసం నాయుడు మంగళవారాలు వస్తాడు, పార్వతి గురువారాలు వస్తుంది.